బెల్లం ముక్కకు కోడి ఈకలు: జెజియాంగ్‌లో నేను చూసింది

ప్రశ్న: చైనాలోని జెజియాంగ్ రాష్ట్రానికి చెప్పుకోదగ్గ గనుల్లేవు, చమురు లేదు, సాగుభూమి కూడా అంతంతమాత్రమే అంటారు. అలాంటిది అంత ధనిక రాష్ట్రం ఎలా అయింది? సముద్ర తీరం ఉండడం వల్లేనా? అక్కడ ఉండి వచ్చినవాళ్ళెవరైనా చెప్పగలరా?

నేను 2013 నుంచి 2019 చివరి దాకా ఆ రాష్ట్రంలోనే, ఈవూ అనే ఊళ్ళో ఉన్నాను. హైదరాబాద్ బేగంబజార్, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లవాళ్ళ తరఫున సరుకు చూడడం, బేరమాడడం, నాణ్యత తనిఖీ చేసి కంటైనర్ ఎక్కించడం నా పని. మాది చీరాల పక్క పల్లె. ఇటు మగ్గాలు, అటు సముద్రం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి మీరడిగిన ప్రశ్నే నేనూ అక్కడ కాలుపెట్టిన మొదటి నెలలో అందరినీ అడిగాను. ఆరేళ్ళలో నాకర్థమైంది ఇది: తీరం సగం జవాబే. మిగతా సగం తీరానికి దూరంగా, కొండల మధ్య ఉంది.

ముందు నేల సంగతి. జెజియాంగ్ విస్తీర్ణం సుమారు 1.05 లక్షల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ కంటే కొంచెం తక్కువ. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 6.45 కోట్లు. అక్కడివాళ్ళు తమ రాష్ట్రం గురించి చెప్పుకునే మాట ఒకటుంది: ఏడు పాళ్ళు కొండ, ఒక పాలు నీరు, రెండు పాళ్ళు పొలం. అది నిజంగానే లెక్కకు సరిపోతుంది. రైల్లో రాష్ట్ర రాజధాని హాంగ్‌జౌ నుంచి దక్షిణానికి బయల్దేరితే అరగంట తిరక్కుండానే సొరంగాలు మొదలవుతాయి. ఒక సొరంగం దాటగానే చిన్న లోయ, లోయలో నాలుగు మళ్ళు, ఇరవై మేడలు, ఒక ఫ్యాక్టరీ రేకుల షెడ్డు, మళ్ళీ సొరంగం. వెన్‌జౌ దాకా అంతే.

ఉత్తరాన హాంగ్‌జౌ, జియాషింగ్, హూజౌల చుట్టూ మాత్రం నల్లటి చదును నేల. కాలువలు, మల్బరీ తోటలు, చేపల చెరువులు. పట్టు అక్కడిదే. బీజింగ్ నుంచి వచ్చే మహా కాలువ దక్షిణపు కొస హాంగ్‌జౌ. నింగ్బో దగ్గర హమూదూ అనే చోట 7 వేల ఏళ్ళ నాటి వరి గింజలు దొరికాయంటే ఆ మాగాణి ఎంత పాతదో చూడండి. ఈ భాగం ఎప్పుడూ కలిగిన ప్రాంతమే, దాని సంపదకు పెద్ద వివరణ అక్కర్లేదు. అసలు వింత మిగతా మూడొంతుల్లో జరిగింది.

ఈవూ చుట్టుపక్కల నేల ఎర్రమట్టి, పుల్లటిది. ఎరువు వెయ్యకపోతే వరి ఎత్తిరాదు. ఎరువు కొనడానికి డబ్బుల్లేవు. అందుకని ఈవూ రైతులు కోతలయ్యాక, చలికాలంలో, భుజాన కావడి వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. కావడిలో చెరుకు బెల్లంతో చేసిన మిఠాయి, చేతిలో బుడబుడమని మోగే చిన్న డప్పు. ఇళ్ళవాళ్ళు పండక్కి కోసిన కోళ్ళ ఈకలు తెచ్చిస్తే బదులుగా మిఠాయి ముక్క కొట్టి ఇచ్చేవాళ్ళు. మంచి ఈకలు దుమ్ముదులిపే కుంచెలకు అమ్మేవాళ్ళు, పనికిరానివి పొలంలో వరి మొదళ్ళలో వేసేవాళ్ళు. మన ఊళ్ళలో తలవెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వచ్చేవారు కదా, నాకు ఈ కథ వినగానే వాళ్ళే గుర్తొచ్చారు. క్రమంగా కావడిలోకి మిఠాయితో పాటు సూదులు, దారాలు, గుండీలు, జడపిన్నులు వచ్చి చేరాయి. ఈవూ వ్యాపారానికి విత్తనం అదీ.

ఇది చట్టం ఒప్పుకున్న పని కాదు. రైతు రైతుగానే ఉండాలి, సరుకు కొని అమ్మితే నేరం అన్న రోజులవి. పట్టుకుని సరుకు లాక్కునేవాళ్ళు. 1982లో ఈవూ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిగా, అంటే అక్కడి పెద్ద అధికారిగా, షియే గావ్‌హువా వచ్చాడు. ఫెంగ్ ఐచియాన్ అనే చిల్లర వ్యాపారి, పిల్లల్ని సాకాల్సిన తల్లి, ఆయన్ని దారిలో ఆపి నిలదీసింది: నన్ను అమ్ముకోనివ్వకపోతే ఎలా బతకాలి అని. ఆయన ఆమెను లోపలికి పిలిచి మాట విన్నాడు. ఆ సెప్టెంబరులో హూచింగ్‌మెన్ వీధిలో సిమెంటు పలకలు పరిచి బజారు తెరిచారు. రైతు వ్యాపారం చేసుకోవచ్చు, దూరాలకు సరుకు తీసుకెళ్ళొచ్చు అని ఊరి పాలకులే కాగితం మీద రాసి ఇచ్చారు. పైనుంచి ఆదేశం రాకముందే తీసుకున్న నిర్ణయం అది, తేడావస్తే ఆయన ఉద్యోగం పోయేది. ఈ కథ నాకు ఈవూలో కనీసం పదిమంది పదిరకాలుగా చెప్పారు, చెప్పేటప్పుడు ప్రతివాళ్ళ గొంతూ మారేది. ఆయన 2019 అక్టోబరులో పోయినప్పుడు నేనింకా అక్కడే ఉన్నాను. మార్కెట్లో నాకు తెలిసిన పెద్దవాళ్ళు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు.

దక్షిణాన వెన్‌జౌది ఇలాంటి కథే. మూడువైపులా కొండలు, ఒకవైపు సముద్రం, మనిషికి దక్కే పొలం లెక్కపెట్టడానికే లేదు. ప్రభుత్వం అక్కడ పెద్ద ఫ్యాక్టరీలు పెట్టలేదు. జనమే ఇంటి ముందు గదుల్లో గుండీలు, బూట్లు, స్విచ్‌లు చేయడం మొదలుపెట్టారు. 1980 డిసెంబరులో జాంగ్ హువామెయ్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయికి దేశంలోనే మొట్టమొదటి సొంత వ్యాపార లైసెన్సు వచ్చింది కూడా వెన్‌జౌలోనే. ఆమె ఇంటి గుమ్మం ముందు బల్ల వేసుకుని చిల్లర సామాన్లు అమ్మేది.

ఇక ఊరికో సరుకు సంగతి. మీరడిగినదానికి నా జవాబులో అసలు కీలకం ఇదే. జూజీ దగ్గర దాతాంగ్‌లో మేజోళ్ళు. ప్రపంచం తొడిగే మేజోళ్ళలో మూడో వంతు తమవే అని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. షెంగ్‌జౌలో టైలు. యోంగ్‌కాంగ్‌లో ఇనప సామాన్లు, ఫ్లాస్కులు. హైనింగ్‌లో తోలు. ల్యూషీలో కరెంటు స్విచ్‌లు. షావ్‌షింగ్ పక్కన కచ్యావ్‌లో గుడ్డ. కచ్యావ్‌లో గుజరాతీ, సింధీ వ్యాపారులు ఎంతమంది ఉన్నారంటే పప్పూ చపాతీ దొరకని వీధి ఉండదు, నేను నెలకోసారి సాంబారు కోసమే అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఈ ఊళ్ళన్నిట్లో తయారైంది వచ్చి కూర్చునే బజారు ఈవూ.

ఆ మార్కెట్లో సుమారు 75 వేల కొట్లున్నాయి. ఒక్కో కొట్టు దగ్గర 3 నిమిషాలు ఆగి, రోజుకు 8 గంటలు తిరిగినా మొత్తం చూడ్డానికి ఏడాది మీద మూడు నెలలు పడుతుంది. కొట్టంటే పది అడుగుల గది. మూడు గోడల నిండా శాంపిళ్ళు, మధ్యలో చిన్న బల్ల, బల్ల మీద పెద్ద అంకెల క్యాలిక్యులేటర్, గాజు గ్లాసులో టీ ఆకులు తేలుతున్న వేడినీళ్ళు, పక్కన కుర్చీలో స్కూలు పుస్తకం ముందేసుకున్న పిల్లవాడు. నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళని లావ్‌బాన్‌నియాంగ్ అని పిలుస్తాం, యజమానురాలమ్మ అన్నట్టు. భర్త ఊళ్ళో ఫ్యాక్టరీ చూసుకుంటాడు, భార్య ఇక్కడ బేరం చూసుకుంటుంది. ధర మాట్లాడేది యువాన్లలో కాదు, మావోల్లో, ఫెన్‌లలో. పది మావోలు ఒక యువాను, పది ఫెన్‌లు ఒక మావో.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. 2014లో జడక్లిప్పుల ఆర్డరు పెట్టాను. ఆమె ఒక్కోటి 3 మావో 2 ఫెన్ అంది. బేగంబజార్ వాళ్ళు 3 మావో దాటొద్దన్నారు. గంటసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయినట్టు నటించి, చివరికి 3కి ఒప్పించాను. నెలన్నరకు సరుకొచ్చింది, కార్టన్‌లు లెక్క సరిపోయాయి, రంగులు సరిపోయాయి, లోడింగ్ చేసేశాను. హైదరాబాద్ చేరిన వారానికి ఫోన్: పదిసార్లు నొక్కితే స్ప్రింగు పట్టు వదిలేస్తోంది. నేను కోపంగా వెళ్ళాను. ఆమె వాదించలేదు. బల్ల కింద నుంచి పాత శాంపిలు తీసి, కొత్తది తీసి, రెండిట్లో స్ప్రింగులు ఊడదీసి నగలు తూచేలాంటి చిన్న కాటా మీద పెట్టింది. కొత్తది తేలిక. ఆ 2 ఫెన్‌లు ఎక్కడినుంచి వచ్చాయో నా కళ్ళముందే అంకెల్లో కనబడింది. తన లాభం ఎంతో కూడా రాసి చూపించింది: ఒక్కో క్లిప్పు మీద 1 ఫెన్. మన లెక్కలో పది పైసలు. 2 ఫెన్‌లు తగ్గించమంటే ఆమె దగ్గర తగ్గించడానికి అంత లేనే లేదు, స్ప్రింగులోంచే తగ్గించింది. ఆ తర్వాత నేను బేరమాడిన ప్రతిసారీ ముందు బరువు రాయించుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడాను. అదే యజమానురాలితో ఐదేళ్ళు వ్యాపారం చేశాను, మళ్ళీ తేడా రాలేదు.

ఆ 1 ఫెన్ మీద కుటుంబం ఎలా నడుస్తుంది? ఆ క్లిప్పును ఒక్క ఫ్యాక్టరీ చేయదు. స్ప్రింగు ఒకచోట, ప్లాస్టిక్ ఒకచోట, పూత ఒకచోట. అట్టకు డజను క్లిప్పులు గుచ్చే పని కొండల్లో ఊళ్ళకు వెళ్తుంది. ఒకసారి ఆలస్యం ఎందుకవుతోందో చూద్దామని ఆమె భర్తతో పాటు వ్యానులో అలాంటి ఊరికి వెళ్ళాను. వరండాలో ఐదుగురు ముసలమ్మలు పీటల మీద కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, చేతివైపు చూడకుండానే గుచ్చేస్తున్నారు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఎలా కదులుతాయో అచ్చం అలాగే. అట్టకు ఇంత అని కూలి. ఎవరి దగ్గరా పెద్ద గోడౌను లేదు, పెద్ద అప్పు లేదు, సరుకు ఎక్కడా ఆగదు. ఒక ఊళ్ళో వందమంది అదే పని చేస్తుంటే అచ్చు విరిగినా, మిషన్ ఆగినా పక్కింట్లోనే మనిషి దొరుకుతాడు. మనకూ మంగళగిరి, పోచంపల్లి, పెడన లాంటి ఊళ్ళున్నాయి, పనితనంలో ఎవరికీ తీసిపోరు. మా చీరాల మగ్గం మనిషి మాత్రం తన గుడ్డ చివరికి ఎవరు కొన్నారో చూడడు. దాతాంగ్ మనిషి గంటలో ఈవూ వచ్చి కొనేవాడి ముఖం చూసి, ఏ రంగు అడుగుతున్నాడో విని, రాత్రికి ఊరెళ్ళి మిషన్ మీద రంగు మార్చేస్తాడు. మా వాళ్ళను తల్చుకుని ఈ తేడా నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఇప్పుడు సముద్రం దగ్గరికొద్దాం. ఇంత సరుకు కదలడానికి రేవు కావాలి. నింగ్బో-జౌషాన్ రేవు మోసే బరువులో ప్రపంచంలో మొదటిది. 2024లో 137 కోట్ల టన్నులు దాటింది. మన దేశంలో కేంద్రం చేతిలో ఉన్న పెద్ద రేవులన్నీ కలిపి 2023-24లో మోసింది 82 కోట్ల టన్నుల చుట్టూ, పోల్చి చూసుకోండి. దీనికి కారణం భూగోళమే. జౌషాన్ దీవులు అడ్డుగోడలా నిలబడి అలల్ని ఆపుతాయి, దీవుల మధ్య నీరు సహజంగానే లోతు. పెద్ద ఇనప ఖనిజం ఓడలు, చమురు ఓడలు నేరుగా వచ్చి ఆనుతాయి. ఈవూలో మధ్యాహ్నం కంటైనర్ తలుపుకు సీలు వేస్తే సాయంత్రానికి లారీ నింగ్బో యార్డులో ఉండేది. 2014 నవంబరులో ఈవూ నుంచి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు సరుకు రైలు కూడా మొదలైంది, సుమారు 13 వేల కిలోమీటర్లు. నా సరుకు మాత్రం ఎప్పుడూ ఓడలోనే.

తీరం అనగానే వాడరేవు, రామాపురం లాంటి ఇసుక ఒడ్డు ఊహించుకుని మొదటిసారి వెళ్ళి నిరాశపడ్డాను. యాంగ్‌ట్సీ నది తెచ్చే ఒండ్రు వల్ల జౌషాన్ చుట్టూ నీరు గోధుమ రంగులో, టీలో పాలు పోసినట్టు ఉంటుంది. కానీ ఆ బురద నీటిలోనే చేపలకు మేత. చైనాలో పేరున్న చేపల వేట ప్రాంతం అదే.

చూడాల్సింది ఒకటుంటే అది చియాన్‌తాంగ్ నది పోటు. ఆ నది పాత పేరే జెజియాంగ్, వంకర నది అని అర్థం, రాష్ట్రానికి ఆ పేరే వచ్చింది. హాంగ్‌జౌ అఖాతం గరాటులా ఉంటుంది, మూతి దగ్గర వంద కిలోమీటర్ల వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. సముద్రపు పోటు ఆ గరాటులో ఇరుక్కుని గోడలా లేచి నది మీద ఎదురు పరిగెడుతుంది. వాళ్ళ ఎనిమిదో నెలలో పౌర్ణమి వెళ్ళిన మూడోరోజు అది అన్నిటికంటే పెద్దది. 2016 సెప్టెంబరు 18న హైనింగ్ దగ్గర యెన్‌గువాన్ గట్టు మీద నిలబడి చూశాను. ముందు కనబడలేదు, వినబడింది. దూరంగా గూడ్సు బండి వంతెన ఎక్కినట్టు ఒక మోత. తర్వాత నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సున్నంతో గీసినట్టు తెల్లటి గీత. ఆ గీత దగ్గరయ్యేకొద్దీ ఎత్తై, మా ముందునుంచి ఉరుముతూ పోయింది. అది పోయాక నది నీరు వెనక్కి పారుతోంది. గట్టు మీద వేలమంది ఒక్క క్షణం మాట్లాడలేదు.

అంతా బంగారమే అనుకోకండి. నేను వెళ్ళిన ఏడాది, ఈవూ పక్కనే పూజియాంగ్‌లో వాగులు పాలలా తెల్లగా పారుతుండేవి. ఆ ఊరి సరుకు అద్దపు రాళ్ళు, మన చీరల మీద, గాజుల మీద అంటిస్తారే అలాంటివి. వేల ఇళ్ళలో రాళ్ళు సానబెట్టి ఆ నీళ్ళు నేరుగా వాగులోకి వదిలేవాళ్ళు. నా చేతులతో కొన్న రాళ్ళ కోసం కూడా ఆ వాగు తెల్లబడిందని తెలిసి చాలా బాధేసింది. 2013 మొదట్లో వెన్‌జౌ దగ్గర రుయీఆన్‌లో ఒక వ్యాపారి, మా ఊరి నదిలో పర్యావరణ శాఖ అధికారి ఇరవై నిమిషాలు ఈదితే 2 లక్షల యువాన్లిస్తానని బహిరంగంగా సవాలు విసిరాడు. జనం అంత విసిగిపోయారు. ఆ తర్వాత రాష్ట్రమంతా నీటి ప్రక్షాళన మొదలై పూజియాంగ్‌లో రాళ్ళు సానబెట్టే గదులు వేలల్లో మూయించారు, మిగిలినవాటిని శుద్ధి ఏర్పాట్లున్న పారిశ్రామిక వాడల్లోకి తరలించారు. 2017లో అదే వాగు పక్కన పిల్లలు ఆడుకోవడం చూశాను. మూతపడిన గదుల్లో పనిచేసినవాళ్ళు చాలామంది గుయిజౌ లాంటి దూరపు రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని రైలెక్కడమూ చూశాను. జెజియాంగ్ సంపదలో వాళ్ళ చెమటకు సరైన లెక్క ఎవరూ కట్టలేదనే నా అభిప్రాయం.

తుఫాన్ల సంగతి తీరప్రాంతం వాళ్ళెవరైనా అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 2019 ఆగస్టు 10 తెల్లవారుజామున లెకిమా తుఫాను వెన్‌లింగ్ దగ్గర తీరం దాటింది. రైళ్ళు ఆగిపోయాయి. మా అమ్మ ఫోన్ చేసి సముద్రానికి ఎంత దూరంలో ఉన్నావురా అని అడిగింది. మనకు భయం ఉప్పెనంటే. అక్కడ ఎక్కువ ప్రాణాలు పోయింది ఒడ్డున కాదు, యోంగ్‌జియా కొండల్లో. కొండచరియ విరిగి వాగుకు అడ్డంపడి, నీరు పేరుకుని, కట్ట తెగి ఊరి మీద పడింది. ఏడు పాళ్ళు కొండ అన్న మాటకు ఇంకో అర్థం ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు మొత్తం లెక్క: 2024లో జెజియాంగ్ ఉత్పత్తి 9 లక్షల కోట్ల యువాన్లు దాటింది. మన దేశం మొత్తం జీడీపీలో దాదాపు మూడో వంతుకు ఆ ఒక్క చైనా రాష్ట్రం ఉత్పత్తి సమానం. చైనాలో గ్వాంగ్‌డాంగ్, జియాంగ్సూ, షాన్‌డాంగ్ తర్వాత నాలుగోది. 1999లో హాంగ్‌జౌలో పుట్టిన అలీబాబా గురించి అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్ళను. నాకు అంతకంటే ముఖ్యమనిపించే అంకె వేరే ఉంది: ఆ రాష్ట్రంలో పట్నం మనిషి ఆదాయం పల్లె మనిషి ఆదాయానికి రెండింతలు కూడా ఉండదు. దేశం మొత్తం మీద ఆ తేడా ఇంకా ఎక్కువ. వరండాలో అట్టలకు క్లిప్పులు గుచ్చిన ముసలమ్మల కూలి కూడా ఆ అంకెలో ఉంది.

ఎప్పుడైనా ఈవూ వెళ్తే మార్కెట్ ఒక్కటే చూసి వచ్చేయకండి. నవంబరు, డిసెంబరుల్లో ఈవూ పక్కనే ఈతింగ్ అనే చోట ఇప్పటికీ చెరుకు ఆడించి బెల్లం వండుతారు. వరసగా కొప్పెరలు, వాటి కింద ఒకే మంట. పొడవాటి కాడ గరిటెతో పాకాన్ని ఒక కొప్పెరలోంచి ఇంకోదాంట్లోకి తోడుకుంటూ పోతారు. చివరి కొప్పెరలో ముదిరాక పెద్ద బల్ల మీద పోసి కలియదిప్పుతుంటే అది కళ్ళముందే పొడిపొడిగా మారిపోతుంది. ఆవిరి వాసన అచ్చం అనకాపల్లి వైపు బెల్లం వండే చోట వచ్చే వాసనే. ఈకలకు బదులిచ్చింది ఈ బెల్లంతో చేసిన మిఠాయే. పొద్దున్నే వెళ్ళండి, చేతిలో కాగితం పెట్టుకుని నిలబడితే వేడివేడి ముక్క పెడతారు.